పసుపు నంబరు పరుగు

ఉండి అనే ఊరి దగ్గర చేపల చెరువులున్న నరసరాజు గారు అరవై అయిదో ఏట పరుగు మొదలుపెట్టారు. షుగరొచ్చింది, రోజూ గంట నడవమని డాక్టరు చెప్పాడు. నడకంటే ఆయనకి చిరాకు. "అంత నెమ్మదిగా వెళ్తే ఎప్పటికి తెమిలేనండీ?" అని చెరువు గట్ల మీద పరుగెత్తేశారు. షుగరు దిగింది, పరుగు మాత్రం ఆగలేదు.

డెబ్బై నిండిన ఏడాది ఒక ఉదయం ఫోనులో ఏదో చదివి వంటింట్లోకి పరుగున వచ్చారు.

"విన్నారా అండీ! మారథాన్ అంటే నలభై రెండు కిలోమీటర్లు. 2004లో డెబ్బై మూడేళ్ల కెనడా ఆయన మూడు గంటల లోపే లాగించేశాడంట! డెబ్బై దాటినవాళ్లలో ఆ రికార్డు దాటడానికి పద్దెనిమిదేళ్లు పట్టింది. 2022లో నెదర్లాండ్స్ ఆయన దాటాడు. ఎంత తేడాతోనో తెలుసా? ఇరవై తొమ్మిది సెకన్లు!"

"విన్నానండీ. పాలు పొంగుతున్నాయి, కాస్త జరగండి," అన్నారు భార్య జ్ఞానప్రసూనాంబ గారు.

మూడు గంటలు తన వల్ల కాదని ఆయనకి తెలుసు. నాలుగు గంటల్లో పూర్తి చేయాలని పట్టుబట్టారు. ఏడాది పైగా సాధన చేసి, మొన్న డిసెంబరులో ఏలూరులో పెట్టిన మారథాన్‌కి పేరిచ్చారు. డెబ్బై దాటినవాళ్లకి ఛాతీకి పెట్టుకునే పసుపు నంబరు ఇచ్చారు. పసుపు నంబరు తనొక్కడికే ఉందనుకున్నారాయన.

తెల్లవారకముందే పరుగు మొదలైంది. కోడలు పద్మప్రియ అత్తగారిని కారులో ఎక్కించుకుని ముందుకెళ్లి, దారిలో మంచినీళ్లు అందిస్తోంది. ముప్పై కిలోమీటర్లు హాయిగా సాగాయి. కొల్లేరు వైపు రోడ్డు మలుపు తిరిగేసరికి ముందు ఒక తెల్లజుట్టు కనబడింది. దగ్గరికెళ్లి చూస్తే, ఛాతీ మీద పసుపు నంబరు!

"ఏవండీ, ఎన్నేళ్లండీ మీకు?"

"డెబ్బై రెండండి. మీకో?"

"డెబ్బై ఒకటి."

"అయితే నాకన్నా చిన్నోరే! రండి మరి," అని ఆయన వేగం పెంచేశారు.

ఆయన పేరు పేతురు. కొల్లేటి లంకలో యాభై ఏళ్లు గెడతో పడవ తోసిన మనిషి. ఇద్దరూ పక్కపక్కనే ఆరు కిలోమీటర్లు పరుగెత్తారు. అప్పుడు నరసరాజు గారి పిక్క పట్టేసింది. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగిపోయారు.

పేతురు గారు వెనక్కి వచ్చారు. "నిలబడకండి, బిగిసిపోద్ది. మెల్లిగా అడుగెయ్యండి." వంద గజాలు తోడు నడిచారు. పిక్క సడలగానే, "ఇంక నేను ఆగనండోయ్!" అంటూ దూసుకుపోయారు.

నరసరాజు గారికి నవ్వొచ్చింది, రోషమూ వచ్చింది. వెంటపడ్డారు. చివరి కిలోమీటరులో జనం ఈలలు, చప్పట్లు. ఎన్నడూ గొంతు పెంచని జ్ఞానప్రసూనాంబ గారు కారు దిగి రోడ్డు పక్కకొచ్చి, "పట్టుకోండి! ఆయన్ని పట్టుకోండి!" అని కేకలు పెట్టారు.

పట్టుకోలేకపోయారు. పేతురు గారు మూడు గంటల యాభై ఏడు నిమిషాలకి గీత దాటారు. పన్నెండు సెకన్ల తరువాత నరసరాజు గారు! రొప్పుతూనే వెళ్లి పేతురు గారిని కావలించుకున్నారు.

"వచ్చే ఏడు వదలనండీ మిమ్మల్ని!"

"నేను మాత్రం వదుల్తానేంటండీ?"

ఇప్పుడు ఆదివారం ఆదివారం పేతురు గారు మొదటి బస్సెక్కి ఉండికి వస్తున్నారు. మొన్న గట్ల మీద పది కిలోమీటర్ల పందెంలో నరసరాజు గారే ముందొచ్చారు. పేతురు గారు ఒప్పుకోలేదు. "ఇంకో చుట్టు, రండి!" అని అప్పటికే గట్టెక్కేశారు.