గొట్టంలో ఆగిపోయిన ఒత్తిడి

కళింగపట్నం ఒడ్డున పడవల్ని ఇసుక మీదికి లాగడానికి మావాళ్లందరికీ కలిపి ఒక వించి ఉంది. ఇంజను, తాడు చుట్టుకునే డ్రమ్ము పైన సరుగుడు చెట్ల దగ్గర ఉంటాయి. దాన్ని నడిపే లివరు మాత్రం కింద, నీళ్ల పక్కన. పడవ కళ్లెదుట ఉంటేనే కదా లాగగలిగేది. ఈ రెండింటికీ నడుమ ఇసుకలో పొడవాటి రబ్బరు గొట్టం, దాని నిండా నూనె. లివరు నొక్కితే నూనె ఒత్తిడికి డ్రమ్ము బ్రేకు విడుతుంది. వదిలితే ఒత్తిడి తగ్గి బ్రేకు పట్టేయాలి.

ఒకరోజు మా బావ, అంటే అక్క భర్త, డ్రమ్ము దగ్గర తాడు సర్దుతుంటే మెలికలో చెయ్యి ఇరుక్కుంది. ఆయన కేక వేశాడు. కింద లివరు దగ్గరున్నది మా తమ్ముడు. డ్రమ్ము ఆగేలోపే బావ కుడిచేతి వేళ్లు రెండు పోయాయి.

తమ్ముడు పరాకుగా ఉన్నాడని, కేక విన్నాక కూడా లివరు పట్టుకునే ఉన్నాడని ఊళ్లో చెప్పుకున్నారు. వాడు వస్తే అక్క లోపలికి వెళ్లిపోయేది. వాడు పడవ పని మాని ఐసు ఫ్యాక్టరీలో చేరాడు. నాతో ఒక్కసారే అన్నాడు, తల ఎత్తకుండా.

"నాను లివరు ఒగ్గేసినానక్కా. డ్రమ్మే ఆగనేదు."

నేను విజయనగరం దగ్గర ఒక ఇంజనీరింగు కాలేజీలో ద్రవాల పాఠాలు చెబుతాను. పాఠాలు సగం, అడ్మిషన్ల కోసం ఊళ్లు తిరగడం సగం. మిగిలిన ఓపికతో పీహెచ్‌డీ మొదలుపెట్టాను. పొడవాటి మెత్తని గొట్టాల్లో ఒత్తిడి క్షణక్షణానికీ ఎలా మారుతుందన్నదే నా అంశం. ఎందుకు ఎంచుకున్నానో గైడుకి చెప్పలేదు.

గొట్టాన్ని చిన్న చిన్న ముక్కలుగా ఊహించుకుని, ఒక్కో ముక్కలో నూనె కదలికను కంప్యూటరు చేత లెక్క కట్టించాలి. మొదట గొట్టం గోడ ఇనప పైపులా బిర్రుగా ఉంటుందనుకుని చేశాను. లివరు వదిలీ వదలగానే ఒత్తిడి పడిపోయినట్టు వచ్చింది. అంటే ఊళ్లోవాళ్ల మాటే నిజం. ఆ తర్వాత కొన్నాళ్లు ఆ లెక్క జోలికి వెళ్లలేకపోయాను.

వించికి అదే రకం కొత్త గొట్టం వేసినప్పుడు, పాతదాన్లోంచి ఒక ముక్క కావాలంటే బావే కోసి తెచ్చిచ్చాడు. ఎందుకని అడగలేదు. ల్యాబులో దాన్ని నూనెతో నింపి పంపు కొడితే అది లావెక్కింది. ఒత్తిడి వదిలేశాక కూడా వెంటనే సన్నబడలేదు. రబ్బరు నింపాదిగా ముడుచుకుంటూ, లోపలి నూనెను ఇంకా తోస్తూనే ఉంది. ఈ సాగుడును సమీకరణాల్లోకి ఎక్కించడం నా ప్రాణం మీదికొచ్చింది. ఒకచోట సరిచేస్తే ఇంకోచోట లెక్క అదుపు తప్పేది. బస్సులో నిద్రపోతూ దిగాల్సిన స్టాపు దాటిపోయిన రోజులున్నాయి. చివరికి కుదిరింది. లివరు వదలగానే ఒత్తిడి కొంత తగ్గి, ఆపైన తగ్గడానికి మొరాయించింది. బ్రేకు పట్టేలోపు డ్రమ్ము ఇంకా తిరుగుతుంది.

కంప్యూటరులో వచ్చిందని ఎవరు నమ్ముతారు? ఒక ఆదివారం చర్చి అయ్యాక తమ్ముణ్ణి ఒడ్డుకు రమ్మన్నాను. లివరు ముట్టనన్నాడు. డ్రమ్ముకు తాడు కట్టలేదని చూపించాక వచ్చాడు. బావ పైన డ్రమ్ము దగ్గర నిలబడ్డాడు. ఇద్దరి ఫోన్లూ కాల్‌లో కలిపి ఉంచాను. "ఒగ్గేసినాను" అని తమ్ముడు చెయ్యి పైకెత్తాడు. ఫోనులో డ్రమ్ము తిరుగుతున్న చప్పుడు ఇంకా వినిపిస్తూనే ఉంది. తర్వాతే బ్రేకు పడింది.

బావ మళ్లీ చెయ్యమన్నాడు. మళ్లీ అదే. ఇంకోసారి చేయించాక ఇసుకలో దిగి వచ్చి తమ్ముడి ఎదుట నిలబడ్డాడు.

"నీది కాదురా. ఈ పైపుది."

"ఇప్పుడు తెలిసి ఏటి నాబం బావా," అన్నాడు తమ్ముడు. అని ఇసుకలో కూర్చుండిపోయాడు. బావ కూడా పక్కనే కూర్చున్నాడు. సంతోషించాల్సింది నేనే. కానీ నాకు పడుకోవాలనిపించింది, అంతే.

తర్వాత డ్రమ్ము దగ్గరే నూనెను తొట్టిలోకి వదిలేసే చిన్న వాల్వు పెట్టించాం. ఇప్పుడు లివరు వదిలితే బ్రేకు వెంటనే పడుతోంది. తమ్ముడు మాత్రం పడవ పనికి తిరిగి రాలేదు, ఐసు ఫ్యాక్టరీకే అలవాటు పడ్డాడు. అక్క ఆ ఆదివారం వాడికి అన్నం వడ్డించింది. వాడు రెండోసారి కూర వేయించుకున్నాడు.

నా థీసిస్ ఇంకా పూర్తికాలేదు. వేసవి ఎండకు గొట్టం ఎంత మెత్తబడుతుందో కూడా తేల్చమన్నాడు గైడు. సరేనన్నాను.