లోపల ఇంకొకటి నడుస్తోంది

పాత లాప్‌టాప్‌లో లినక్స్ వేసుకున్న మొదటి వారం అది. మా రైల్వే కాలనీ న్యూ సెటిల్‌మెంట్‌లోని గుడి నోటీసు తెలుగులో కొట్టడానికి ఒక సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేయబోయాను. లోపల ఇంకో ఇన్‌స్టలేషన్ నడుస్తోంది, అది అయ్యేదాకా ఆగమని తెర మీద వచ్చింది. నేనేమీ మొదలుపెట్టలేదే! అది తనంతట తానే అప్‌డేట్ చేసుకుంటోందని నాకప్పుడు తెలియదు. నా లాప్‌టాప్ నన్నే ఆగమనడమేమిటని ఒళ్ళు మండింది.

రెండు నిమిషాలు ఆగాను. కుర్చీలోంచి లేచాను, మళ్ళీ కూర్చున్నాను. ఫోన్‌లో వెతికితే, ఆ అడ్డు తీసేసే కమాండ్ ఎవరో రాసిపెట్టారు. దాని కిందున్న హెచ్చరిక చదవకుండానే కొట్టేశాను. అడ్డు పోయింది, నా ఇన్‌స్టలేషన్ మళ్ళీ మొదలుపెట్టాను. రెండు పనులూ సగంలో చెడి, తెర నిండా తప్పులే వచ్చాయి.

నాన్న నిమ్‌పురా రైల్వే యార్డు కేబిన్‌లో బండ్లకు సిగ్నల్ లివర్లు లాగి రిటైరైన మనిషి. నా విసుగు చూసి ఏమైందని అడిగితే అంతా చెప్పాను.

“లోన ఇంకో బండి ఉందని అది సెప్తానే ఉంది కదమ్మా. రెండోదాన్ని ఎందుకు తోలినావు?”

“ఎంతసేపని ఆగుతాను నాన్నా?”

“ఎంతసేపు ఆగినావేటి?”

మళ్ళీ ఫోన్ అందుకున్నాను.

బాగుచేసే కమాండ్ వెతికి లాప్‌టాప్‌లో కొట్టాను. నాన్న కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నారు. తెర మీద అక్షరాల వరసలు ఒక్కొక్కటే కదులుతున్నాయి. ఒకచోట ఆగిపోయినట్టనిపించి, నా చేయి కీబోర్డు మీదికి వెళ్ళింది. ఆయన లాప్‌టాప్‌ను నాకందనంత దూరం జరిపి, చేతులు కట్టుకుని కూర్చున్నారు.