ఉత్తమ నటి వెంకటసుబ్బలక్ష్మి

ఏలూరులో పరిషత్తు నాటకాలు చూసేవాళ్ళకి తల్లి వేషమంటే వెంకటసుబ్బలక్ష్మి టీచరే. బడి వదిలాక రిహార్సలు, సెలవొస్తే పోటీలు. ఏడవమంటే చాలు, జనాన్ని కూడా ఏడిపించి వదిలిపెడుతుంది మహాతల్లి! దారినపోయే మనుషుల నడకో, విసుగో, మూతివిరుపో నచ్చిందంటే దాచుకుని, అదును చూసి స్టేజీ మీద దించేస్తుంది. రైతుబజారుకి పంపిస్తే కూరలు మర్చిపోయి మనుషుల్ని ఏరుకొస్తుందని ఆయనగారు కామేశ్వరరావు వేళాకోళం.

ఈసారి నాటకం అమెరికాలో ఒక నల్లజాతి కుటుంబం కథ. డైరెక్టరు రాజ్ కుమార్ సొంతంగా రాశాడు. భర్త రైల్వే కూలీ, భార్య ఇళ్ళల్లో బట్టలుతుకుతుంది, కూతురికి నర్సు కావాలని ఆశ. ఎలకలు తిరిగే ఒంటిగది వదిలి, కిటికీ ఉన్న వాటాలోకి మారాలని వాళ్ళ కల. తెల్ల ఇంటావిడ మాత్రం నవ్వు చెదరకుండా, "మా బంధువులు దిగుతున్నారు" అని పంపించేస్తుంది.

ఆ మాట చదవగానే వెంకటసుబ్బలక్ష్మి గుండె కలుక్కుమంది. ఎందుక్కాదూ? కిందటి వానాకాలం ఆ మాట అన్నది తనే!

ట్రూపుకి దుస్తులు కుట్టే మహబూబ్ బీ, కూతురు ముస్కాన్‌ని వెంటబెట్టుకుని మేడమీద వాటా అడగడానికి వచ్చింది. కాలేజీ దగ్గరని వాళ్ళ సంబరం. ముస్కాన్ కిటికీ దగ్గర నిలబడి, "నా టేబులు ఇక్కడేసుకుంటానమ్మీ" అంది. గుమ్మంలోంచి కామేశ్వరరావు తల అడ్డంగా ఊపాడు. అంతే. "అయ్యో, మా ఆడపడుచు వాళ్ళు దిగుతామన్నారండీ, మర్చేపోయాను" అనేసింది వెంకటసుబ్బలక్ష్మి. ఆ ఆడపడుచుకి హైదరాబాదులో సొంతిల్లుంది.

మహబూబ్ బీ "పర్లేదండీ" అని నవ్వింది. వెళ్తూ వెళ్తూ వంగి, గచ్చు మీద కూతురి తడి అడుగుల్ని తన కొంగుతో తుడిచింది. "మళ్ళీ మీకు తుడుచుకునే పనెందుకండీ" అంది. వెంకటసుబ్బలక్ష్మి మొహం పక్కకి తిప్పుకుంది. కళ్ళు మాత్రం అక్కడే ఉన్నాయి.

రిహార్సల్లో ఆ సీను ఎంతకీ కుదరలేదు. ఆవిడ గుండెలు బాదుకుని ఏడ్చింది. "అబ్బే, అవమానం ఇంతలా అరవదండీ" అన్నాడు రాజ్ కుమార్. మర్నాడు ఆవిడ ఏడవలేదు. "పర్లేదండీ" అని నవ్వి, వంగి, కూతురి బూట్లు వదిలిన మంచుని కోటు అంచుతో తుడిచింది. రాజ్ కుమార్ కుర్చీలోంచి లేచొచ్చాడు.

"ఎక్కణ్ణుంచి తెచ్చారండీ బాబూ!"

"ఎక్కడో చూశానండీ."

చెప్పాక సిగ్గేసింది. పోనీ మానేద్దామంటే, అంత చక్కగా కుదిరినదాన్ని వదులుకోబుద్ధి కాలేదు. అందుకు ఇంకా సిగ్గేసింది.

తాడేపల్లిగూడెంలో పోటీ. నల్లగా కనబడాలని మొహానికి, చేతులకి రంగు పట్టించుకుంది. పసిమి ఛాయ మనిషి కదా, "ఇంకో పూత వెయ్యండి" అని మేకప్ ఆయన్ని సతాయించింది కూడా. నలుపు పూసుకుంటే నల్లవాళ్ళ బాధ వచ్చేస్తుందనుకుంది కాబోలు! ఆ సీనుకి హాలు హాలంతా లేచి నిలబడింది. తెర పక్కన సూదీ దారం పట్టుకుని మహబూబ్ బీ కూడా నిలబడి ఉంది. ఆవిడ మాత్రం చప్పట్లు కొట్టలేదు.

నాటకం అయ్యాక కోటు విప్పదియ్యడానికి ఆవిడే లోపలికొచ్చింది. వెంకటసుబ్బలక్ష్మి గబుక్కున లేచింది.

"మహబూబ్ బీ గారూ, వాటా ఖాళీగానే ఉందండీ. రేపే దిగిపోండి. మా ఆయనకి నేను చెప్పుకుంటాను."

"తెలుసండీ. అప్పుడూ ఖాళీయే కదండీ. మర్నాడే టులెట్ బోర్డు మళ్ళీ కట్టారు. నేను మీ వీధమ్మటే కదండీ కొట్టుకెళ్ళేది."

"తప్పయిపోయిందండీ."

"అబద్ధం చెప్పారని నాకేం బాధ లేదండీ. ఇల్లడిగిన ప్రతిచోటా వినేదే." మహబూబ్ బీ బొత్తాలు విప్పుతూనే ఉంది. "ఆ రోజు నేను తుడుస్తుంటే మీరు మొహం తిప్పుకున్నారు. చూళ్ళేకపోయారు, పాపం మనసున్న మనిషే అనుకున్నానండీ. ముస్కాన్ ఏడుస్తుంటే దానికీ అదే చెప్పాను. ఇంత బాగా చూశారని తెలీదండీ."

వెంకటసుబ్బలక్ష్మికి ఆ క్షణాన చచ్చిపోతే బాగుండుననిపించింది. రంగు మీదుగా కన్నీళ్ళు కారుతున్నాయి. అవి నిజమైనవేనని ఎలా చెప్పాలో ఆవిడకి తెలియలేదు. చెప్పినా నమ్మేదెవరు?

"ఇటు తిరగండమ్మా, కోటు ఈ చెయ్యి కూడా తీసేస్తాను" అంది మహబూబ్ బీ.

బయట మైకులో ఉత్తమ నటిని పిలుస్తున్నారు.