బియ్యం డబ్బాలో పెన్సిలు గీత

పోర్టులో బొగ్గు లారీలను తూచే కాటా దగ్గర ఇరవై ఏళ్ళుగా పని చేస్తున్నాను. ఖాళీ బండిని ఒకసారి, లోడుతో ఒకసారి తూస్తాం. రెండింటికీ ఎంత తేడా ఉంటే అంత సరుకు. డ్రైవర్లు ఎన్ని కబుర్లు చెప్పినా నేను మనిషి మొహం చూడను, అంకె చూస్తాను. ఎవరూ ఎక్కించకుండా బండి బరువు పెరగదు. ఈ ఒక్క ముక్క నమ్ముకుని బతికినవాణ్ణి, దాన్ని ఇంటికి కూడా తెచ్చుకున్నాను. అక్కడే చెడింది.

నా భార్య నా ఎదురుగా కూర్చుని అన్నం తిని నాలుగేళ్ళు కావస్తోంది. ఆమెను మళ్ళీ కూర్చోబెట్టాలని నా ప్రయత్నం. బతిమాలి చూశాను, కోప్పడి చూశాను. అలిసిపోయాను.

ఆమె మా మేనమామ కూతురు. పెందుర్తిలో మా ఇంటి ముందుగదిలో మిషను పెట్టుకుని కాలనీ ఆడవాళ్ళకు జాకెట్లు కుడుతుంది. ఆ నాలుగేళ్ళకు కాస్త ముందు, ఉన్నట్టుండి లావెక్కడం మొదలైంది. రెండు నెలలకోసారి తన జాకెట్ల పక్క కుట్లు విప్పుకునేది. విప్పడానికి గుడ్డ మిగలనప్పుడు అతుకు వేసుకునేది. మొహం ఉబ్బింది, జుట్టు దువ్వెనకు ఉండలుగా వచ్చేది. మే నెల ఉక్కలో నా బనీను పిండితే నీళ్ళు కారేలా ఉంటే, ఆమె దుప్పటి కప్పుకుని "సలేత్తంది బావా, ఫేను ఆపేద్దునా" అనేది. ఇవన్నీ చూశాను. చూసి, మనిషి సుఖానికి మరిగిందనుకున్నాను.

పగటిపూట కూడా మిషను మీద తల వాల్చి నిద్రపోయేది. ఒకరోజు కొలతలివ్వడానికి వచ్చినావిడ ముందే "తిండికి తిమ్మరాజు, పనికి పోతరాజు" అన్నాను. నవ్వించడానికే అన్నాను. ఆవిడ నవ్వింది. నా భార్య టేపు మెడలో వేసుకుని అలాగే నిలబడింది.

ఆ తర్వాత పథ్యం నేనే పెట్టాను. పొద్దున చోడి అంబలి, అదే రాగి జావ, మధ్యాహ్నం గుప్పెడన్నం, రాత్రి రెండు పుల్కాలు. ఆదివారం చేపల పులుసు వండితే ముక్కలు నాకు, పులుసు ఆమెకు. రెండు నెలలు కిక్కురుమనకుండా పాటించింది. మందుల షాపు ముందున్న బరువు మిషను ఎక్కిస్తే మూడు కిలోలు పెరిగింది.

"నిజం సెప్పు. నాను డూటీకెల్లాక ఏటి తింతన్నావ్?" అని నిలదీశాను.

"నాను దాసుకుని తింతానా బావా? నీ మీదొట్టు, ఏటీ తిన్నేదు."

"మరి గాలి పీల్చి పెరిగిపోతన్నావా?"

మర్నాడు ఆమె స్నానానికి వెళ్ళినప్పుడు బియ్యం డబ్బా మూత తీశాను. బియ్యం ఎక్కడిదాకా ఉన్నాయో అక్కడ, లోపలివైపు, పెన్సిలుతో గీత గీశాను. రోజూ డ్యూటీ దిగి రాగానే గీతకు ఎంత కిందికి దిగాయో చూసేవాణ్ణి. ఇద్దరికీ వండినంతే తగ్గేవి. లెక్క సరిపోయాక మనిషన్నవాడు ఊరుకోవాలి. నేను ఊరుకోకుండా, పక్కింట్లో తింటోందేమో అనుకున్నాను.

గీత సంగతి ఆమెకు మొదటిరోజే తెలుసట. చెరపలేదు. బియ్యం తీసుకున్నాక పైన చేత్తో చదును చేసి మూత పెట్టేది, చూసుకోవడానికి నాకు వీలుగా ఉంటుందని. ఈ మాట ఆమె చాలా కాలం తర్వాత మామూలుగా చెప్పింది.

ఒక మధ్యాహ్నం మిషను తొక్కుతూనే కునుకు తీసింది. సూది చూపుడువేలి గోట్లోంచి దిగి విరిగింది. వీధి చివర క్లినిక్కుకు నడిపించుకుపోయాను. దారంతా తిట్టాను కూడా. డాక్టరమ్మ సూది ముక్క తీసి కట్టు కట్టింది. ఆ తర్వాత వేలు వదిలేసి మొహం చూడటం మొదలుపెట్టింది. గొంతు ఎప్పటినుంచి ఇలా బొంగురుపోయింది? చలేస్తుందా? ఎంత పడుకున్నా నీరసం తీరదా? నెలసరి ఎక్కువగా అవుతోందా? నా భార్య ఒక్కోదానికీ తలూపుతుంటే నాకు కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు.

రక్తపరీక్ష కాగితం చూసి డాక్టరమ్మ, థైరాయిడ్ గ్రంథి బాగా మందగించిందని చెప్పింది. తిన్నది ఖర్చయ్యే వేగం పడిపోతుందట. ఒంట్లో ఉప్పూ నీరూ నిలబడిపోతాయట. అలాంటప్పుడు కడుపు మాడ్చుకున్నా బరువు దిగడం కష్టమట.

"ఎవరూ ఎక్కించకుండా బరువెలా పెరుగుద్ది మేడం?" అని అడిగాను, సిగ్గు లేకుండా.

నా భార్యే జవాబు చెప్పింది. "వానకి తడిసిన బొగ్గు బరువెక్కిపోద్దని నువ్వే సెప్పేవోడివి కదా బావా."

పరగడుపున మాత్ర, మంచినీళ్ళతోనే. ఆ తర్వాత గంట దాకా టీ కూడా వద్దన్నారు. రోజూ పొద్దున మాత్రా గ్లాసూ నేనే అందించేవాణ్ణి. కొన్ని నెలలకు చలి తగ్గింది, కునికిపాట్లు పోయాయి. మోతాదు పెంచాక గబగబా చిక్కింది. "ఇప్పుడు బాగున్నావ్" అని మెచ్చుకున్నాను. ఆమెకు గుండె దడ, చేతులు వణికి సూదిలోకి దారం ఎక్కేది కాదు. మందు ఎక్కువైందని, ఆ గ్రంథి జోరెక్కినవాళ్ళు ఎంత తిన్నా ఇలాగే చిక్కిపోతారని, చిక్కడమల్లా ఆరోగ్యం కాదని డాక్టరమ్మ చెప్పి మోతాదు తగ్గించింది. రెండోసారి కూడా నేను అంకెనే చూశానన్నమాట.

పెరిగిన బరువులో కొంత దిగింది, కొంత ఉండిపోయింది. దాని గురించి ఇప్పుడు మా ఇంట్లో ఎవరూ మాట్లాడరు. గీత కడిగేశాను. తప్పైపోయిందని ఆమె చెయ్యి పట్టుకుని చెప్పాను. "పోన్లే బావా, నీకు మాత్రం ఏటి తెలుసు" అంది. అంతటితో తీరిపోయిందనుకున్నాను. భోజనానికి పిలిస్తే మాత్రం "నువ్వు తినెయ్, నాకు ఆకల్నేదు" అంటుంది. ఎదురుగా కంచం పెట్టి కూర్చోబెడితే నాలుగు మెతుకులు కలిపి, నేను లేచేదాకా వాటినే కలుపుతూ ఉంటుంది. నవ్వుతూనే ఉంటుంది. పోట్లాడినా బాగుండేది.

మొన్న గాలివాన హెచ్చరికతో లారీలు ఆపేశారు. మధ్యాహ్నమే ఇల్లు చేరాను. వంటింట్లో ఆమె గోడవైపు తిరిగి నిలబడి తింటోంది. పప్పన్నం, పక్కన ఆవకాయ ముక్క. నా అలికిడి విని కంచం మీద మూత పెట్టేసింది. నోట్లో ముద్ద గబుక్కున మింగి, చెయ్యి వెనక్కి పెట్టుకుని, "ఇదే బావా. పొద్దున్నించీ ఇంకేటీ తిన్నేదు" అంది.

నేనింకా ఏమీ అడగనే లేదు.