తీసిన తలుపు

చిత్తూరు ఆస్పత్రిలో దిగులు జబ్బు మీద పరిశోధన చేసేటప్పుడు నాకొక గది ఇచ్చినారు. రోగితో మాట్లాడేటప్పుడు తలుపు వేసుకోవాలని మా గైడు మేడం గట్టిగా చెప్పింది. వేస్తే ఎవరూరుకుంటారు? లోపలుండేది పిచ్చిదనుకుంటారని, వెంట వచ్చినోళ్లే లేచి మళ్లీ తీసేస్తారు.

ఆ పొద్దు నగరి నుంచి మగ్గాలుండే ఇంటి కోడలు వచ్చింది. వాళ్లత్తను బతిమాలి బయటికి పంపించినాను. ఆమె తలుపు తీసే పెట్టి, గడప అవతలే కుర్చీ వేసుకుని చెవంతా ఇటే పెట్టింది.

"నిద్ర పడతాందామ్మా?" అంటే కోడలు గడప వైపు చూసి, "బాగానే ఉండాను మేడం" అనింది. ఏమడిగినా అదే మాట. నోరు తెరవని మనిషితో నేనేం పరిశోధన చేసేదని ఒళ్లు మండిపోయింది.

ఆ కోపంతోనే ఇంటికొచ్చి నా గదిలో కూర్చున్నాను. మా ఇంట్లో పెళ్లికాని ఆడపిల్ల తలుపు వేసుకోకూడదు. అంతలో గైడు మేడం ఫోన్ చేసింది.

"గొంతు అట్లుండాదేం? నువ్వెట్లుండావు?" అనడిగింది.

హాల్లో నాయన టీవీ సౌండు తగ్గించినాడు.

"బాగానే ఉండాను మేడం" అన్నాను.