వేణ్ణీళ్ళమ్మ తిన్న బ్రెడ్డు

ఆవిడ అసలు పేరు ఆస్పత్రి హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడేది కాదు. పెద్ద డాక్టరు దగ్గర్నుంచి గేటు దగ్గర వాచ్‌మన్ దాకా అందరికీ వేణ్ణీళ్ళమ్మే. ఆపరేషన్ గది పక్కన చిన్న గదిలో కత్తులూ కత్తెరలూ పట్టకార్లూ ఆవిరిలో పెట్టి శుభ్రం చేయడం ఆవిడ ఉద్యోగం. ముప్ఫై ఒక్క ఏళ్ళు చేసింది. ఆ ఆవిరికి గోడల సున్నం మూడుసార్లు ఊడి పడింది గానీ, ఆవిడ మొహం మాత్రం ఒలిచిన కోడిగుడ్డులా నున్నగానే ఉండిపోయింది.

ఆ చేతులు ఇంటికొచ్చాక ఊరుకుంటాయా? తాళంచెవులు మరిగించేది. దువ్వెనలు మరిగించేది. ఓసారి మొగుడి కళ్ళజోడు మరిగిస్తే దాని కాళ్ళు వంకరపోయి, ఆయన ఆర్నెల్లపాటు లోకాన్ని ఏటవాలుగా చూశాడు. వచ్చిన చుట్టం మోచేతుల దాకా కడుక్కుంటే గానీ కుర్చీ చూపించేది కాదు. ఒకసారి వచ్చినవాళ్ళు రెండోసారి ఆ వీధి మలుపు దాకా కూడా వచ్చేవారు కాదు.

అందరి సంగతీ ఒక ఎత్తు, సొంత అక్క సంగతి ఒక ఎత్తు. తల్లి పోయేటప్పటికి అక్కకి పదహారు, ఈవిడకి ఏడు. అక్క కుట్టుమిషన్ ముందు కూర్చుని చెల్లెల్ని పెంచింది. ఇప్పటికీ దర్జీ పనే. అలాంటి అక్క తొమ్మిదేళ్ళ కిందట కొడుకు పెళ్ళి చేసి, విందుకి తన చేత్తోనే వండింది. వడ్డిస్తూ వడ్డిస్తూ గిన్నెలో పడ్డ ఈగని రెండు వేళ్ళతో తీసి అవతల విసిరేసి, అదే చేత్తో గరిటె పట్టుకుంది. వేణ్ణీళ్ళమ్మ చూసింది. కంచం తోసేసి, "తలనొప్పి" అని లేచి వెళ్ళిపోయింది. కొత్త వియ్యాలవారు గుడ్లప్పగించి చూశారు.

మర్నాడు బావ చేత కబురొచ్చింది. "నా చేతి ముద్ద ముట్టనిదానికి నేను అక్కని కాను." అంతే, తొమ్మిదేళ్ళు మాటల్లేవు.

మొన్న ఈవిడ ఉద్యోగం అయిపోయి ఇంట్లో కూర్చుందని తెలిసి అక్కే ఫోన్ చేసింది. "సముద్రం ఒడ్డున నాలుగు రోజులు ఉండొద్దామనుకుంటున్నాం. వస్తావా?" అంది. ఈవిడ సబ్బు చేతులతో ఫోన్ పట్టుకునే "వస్తా" అంది. రెండు రోజులు బాగానే గడిచాయి. అంటే ఇద్దరూ గాలి గురించీ ఎండ గురించీ మాట్లాడుకున్నారు. బావ లాడ్జి మంచం ఎక్కినవాడు ఎక్కినట్టే ఉన్నాడు. మూడో రోజు పొద్దున అక్క తలుపు కొట్టింది.

"తయారవ్వవే. ఇక్కడ బేకరీలో బ్రెడ్డు చేయడం నేర్పుతారంట. మన చేతుల్తోనే చేయొచ్చంట. ఇద్దరి పేర్లూ ఇచ్చేశాను."

"ఎవరి చేతుల్తో?"

"నీవీ నావీ. ఇంకెవరివి, ఊళ్ళోవాళ్ళవా?"

ఊళ్ళోవాళ్ళవి కూడానని అక్కడికి వెళ్ళాక తెలిసింది.

బేకరీ వెనక పొడుగాటి గది. గోడల మీద నూనె, దాని మీద పిండి, దాని మీద మళ్ళీ నూనె. గోరు పెట్టి గీరితే అచ్చంగా ఒక పలహారం రాలేలా ఉంది. నడుమ చెక్కబల్ల. బల్ల చుట్టూ సెలవులకొచ్చిన జనం. జలుబుతో ఒక పెద్దాయన, తుమ్మితే ఊడేలా ఉంది ముక్కు. పెళ్ళై వారం కూడా అయినట్టు లేని ఒక జంట, ఒకే పిండిలో నాలుగు చేతులు పెట్టి వేళ్ళు వెతుక్కుంటున్నారు. ఇక మాస్టారు! మోచేతుల దాకా ఎలుగుబంటికి అన్నగారిలా వెంట్రుకలు, ఒక్కో వెంట్రుకకీ ఒక్కో పిండి ముద్ద. భుజం మీద ఒక గుడ్డ. ఆ గుడ్డతో బల్ల తుడిచాడు, ట్రే తుడిచాడు, మెడ తుడుచుకున్నాడు, మళ్ళీ ట్రే తుడిచాడు. వేణ్ణీళ్ళమ్మ కొంగు దగ్గరికి లాక్కుంది.

"అమ్మా, అయ్యా, మా దగ్గర ఒకటే పద్ధతి," అన్నాడు మాస్టారు. "ఎవరు చేసిన బ్రెడ్డు వాళ్ళు తినరు. మీ జోడీ చేసింది మీరు తినాలి, మీరు చేసింది వాళ్ళు తినాలి. తినకుండా ఎవరూ గడప దాటకూడదు!"

అందరూ నవ్వారు. అక్క నవ్వలేదు. సంచిలోంచి ఒక చిన్న మాత్ర తీసి చెల్లెలి ముందు పెట్టింది.

"ఏంటక్కా ఇది?"

"తలనొప్పి మాత్ర. ముందే ఉంచుకో. ఇవాళ నీకు తలనొప్పి రాకూడదు." గొంతు తగ్గించింది. "చూడు, నాకు అరవై తొమ్మిది. ఇంకోసారి మొహం మాడ్చుకునే ఓపిక లేదు. నా చేత్తో చేసింది తిన్నావా, సరే. లేదా, రేపు బస్టాండులో నువ్వో బస్సు, నేనో బస్సు. ఇంతటితో అయిపోయినట్టే."

వేణ్ణీళ్ళమ్మ తలూపింది. ఆస్పత్రిలో కోసిన కాళ్ళు చూసింది, తీసిన పేగులు చూసింది, ఎప్పుడూ కళ్ళు తిరగలేదు. ఇప్పుడు మాత్రం బల్ల అంచు పట్టుకుంది.

ముందు ఈస్ట్. మాస్టారు తలా ఒక గిన్నెలో గోధుమరంగు గింజలు పోసి, "గోరువెచ్చని నీళ్ళు పోయండి. ఇది బతికున్న ప్రాణి. తింటుంది, ఊపిరి వదుల్తుంది, పిల్లల్ని పెడుతుంది," అన్నాడు గొప్పగా.

"పిల్లల్నా?"

"లక్షల్లో, మేడమ్!"

ఆవిడ గిన్నె వంక చూసింది. గింజలు నీళ్ళలో మెత్తబడి, నురగ కక్కుతూ, పాత సాక్సు వాసన వేస్తున్నాయి. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఏ జాతినైతే ఆవిరిపెట్టి చంపిందో, ఆ జాతిని ఇప్పుడు జోకొట్టి పెంచమంటున్నారు! మాస్టారు అటు తిరగ్గానే, టీ కోసం పొయ్యి మీద కుతకుతా ఉడుకుతున్న నీళ్ళు ఓ గ్లాసెడు తెచ్చి గిన్నెలో దబ్బున పోసింది. నురగ చప్పబడింది. ప్రాణం లేచొచ్చింది ఆవిడకి. ఈస్ట్‌కి పోయింది.

పిండి పిసకడం మొదలైంది. వేళ్ళ సందుల్లోకి జిగటగా ఎక్కుతోంది, చీమిడిలా సాగుతోంది. అటునుంచి పెద్దాయన తుమ్మాడు, ఆ తుమ్ముకి నాలుగు గిన్నెల పిండి లేచి మళ్ళీ కూర్చుంది. కొత్త పెళ్ళికొడుకు పచ్చి పిండి చిటికెడు తీసి పెళ్ళాం నోట్లో పెట్టాడు. పెళ్ళాం ఆ వేలు చీకింది. వేణ్ణీళ్ళమ్మ కళ్ళు మూసుకుంది. మూసుకున్నా లాభం లేకపోయింది, తెరిచేటప్పటికి అక్క కనిపించింది.

అక్క బొటనవేలు నాలిక మీద రాసుకుంటోంది.

యాభై ఏళ్ళకి పైగా దారం కొస తడిపి సూదిలోకి ఎక్కించిన చెయ్యి అది. దానికి నాలిక ఎక్కడుందో దారి చూపించక్కర్లేదు. పద్ధతి రాసిన కాగితం తిప్పాలంటే నాలిక. పిండి సంచి మూతి విప్పాలంటే నాలిక. చెల్లెలు లెక్కపెట్టడం మొదలుపెట్టి పదకొండు దగ్గర ఆపేసింది, ప్రాణం తట్టుకోలేక.

ఇంకా అసలుది మిగిలే ఉంది. గంట నానిన పిండిని మాస్టారు చాపలా పరిచి, చుట్ట చుట్టి, "ఈ అంచు బాగా అతుక్కోవాలి, లేకపోతే ఓవెన్‌లో విచ్చుకుంటుంది," అని చూపించాడు. అతుకు అన్న మాట వినగానే దర్జీ మనసు ఉప్పొంగింది. అక్క చుట్ట చుట్టింది. బొటనవేలు పూర్తిగా నోట్లో పెట్టి తీసి, ఆ చివర్నించి ఈ చివరి దాకా అంచు మీద నున్నగా రాసింది. గుడ్డ అంచు మడిచి గోటితో గీత పెట్టినట్టు. చాలదనిపించి మళ్ళీ తడిపి, మళ్ళీ రాసింది.

"ఆహా! అతుకంటే ఇదీ!" అని మాస్టారు ఆ బ్రెడ్డు ఎత్తి అందరికీ చూపించాడు.

వేణ్ణీళ్ళమ్మ నోట్లో నీళ్ళూరాయి. ఆకలికి ఊరే నీళ్ళు కావవి, వాంతికి ముందొచ్చేవి. బయటికి పరుగెత్తి పంపు కింద మొహం పెట్టింది. తిరిగొచ్చి మాస్టారుని నిలదీసింది.

"మీ ఓవెన్ వేడి ఎంత?"

"రెండొందల డిగ్రీలు, మేడమ్."

ఆస్పత్రిలో ఆవిడ ఆవిరిపెట్టె వేడి నూట ఇరవై ఒకటి. దానికే భూమ్మీది ఏ క్రిమీ బతకదని పుస్తకంలో ఉంది, ఆవిడ అనుభవంలోనూ ఉంది. మరి రెండొందలంటే? ఆ పైన ఇక చావడానికి ఏముంటుంది? ఈ బ్రెడ్డు తను డాక్టర్లకి అందించిన కత్తెర కన్నా శుభ్రం. బుర్ర ఒప్పుకుంది. కడుపు మాత్రం, "క్రిమి చస్తుందమ్మా, ఎంగిలి చస్తుందా?" అని అడిగింది. దానికి జవాబు ఏ పుస్తకంలోనూ లేదు.

బ్రెడ్డులు బయటికొచ్చాయి. అక్కది బంగారు రంగులో, పసిపిల్ల బుగ్గలా పొంగి ఉంది. అంచు ఇంత కూడా విచ్చుకోలేదు. వేణ్ణీళ్ళమ్మది పెట్టినది పెట్టినట్టే ఉంది, ఇంకాస్త కుంచించుకుంది కూడా. మాస్టారు దాన్ని బల్ల మీద కొట్టి చూస్తే బల్లకి సొట్ట పడింది.

"ఇందులో ఈస్ట్ ఏమైందండీ?"

"పోయింది," అంది ఆవిడ. అంతకన్నా వివరం ఇవ్వలేదు.

జోడీలు ఎదురెదురుగా కూర్చున్నారు. అక్క మాట తప్పే మనిషి కాదు. ఆ కొరకరాని కొయ్యని రెండు చేతులా విరిచి, టీలో ముంచి, కుడి దవడ కాదంటే ఎడమ దవడకి తోసి, కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా నమిలింది. మింగింది. "క్రిములు చచ్చాయో లేదో గానీ, బ్రెడ్డు మాత్రం నిజంగా చచ్చిపోయిందే," అంది. ఇంకో ముక్క ముంచింది. తర్వాత తన బ్రెడ్డులోంచి ఒక ముక్క తెంపి చెల్లెలి ముందు పెట్టి, ఆ కళ్ళలోకే చూస్తూ కూర్చుంది.

ముక్క నిండా అతుకే. సరిగ్గా అతుకు ఉన్న చోటే తెంపింది!

వేణ్ణీళ్ళమ్మ దాన్ని పెదాల దాకా తీసుకెళ్ళింది. దించింది. మళ్ళీ తీసుకెళ్ళింది. ఒళ్ళో చేతిరుమాలు పరిచే ఉంది. వేళ్ళు వాటంతట అవే ఆ ముక్కని అటు జారవిడిచాయి. వట్టి నోరు నములుతున్నట్టు ఆడించింది.

"రుమాలు కూడా నములుతుందేంటే?" అంది అక్క.

నోరు ఆడటం ఆగింది. అక్క సంచీ తీసుకుని లేచింది. తిట్టలేదు, ఏడవలేదు. తిడితే బాగుండేది.

"ఉమ్ము రాశావక్కా!" వేణ్ణీళ్ళమ్మ గొంతు గదంతా మోగింది. తుమ్మబోతున్న పెద్దాయన తుమ్ము మింగేశాడు. "ఆ అంచుకి ఉమ్ము రాశావు. రెండుసార్లు. నేను చూశాను. అన్నీ చూస్తాను నేను, చూడకుండా ఉండటం నా వల్ల కాదు. పెళ్ళిలోనూ తలనొప్పి కాదు, ఈగ. నీ వేళ్ళతో ఈగని తీసి ఆ వేళ్ళతోనే వడ్డించావు. చెప్తే బాధపడతావని చెప్పలేదు."

అక్క నిలబడిపోయింది. బొటనవేలి వంక చూసుకుంది, అది ఎవరిదో అన్నట్టు.

"ఉమ్మా? నేనా?"

"నువ్వే! పొద్దుట్నుంచీ!"

అక్క మళ్ళీ కూర్చుంది. మొహం ఎర్రబడింది, తెల్లబడింది, తర్వాత పెదాల ఒక చివర్నించి నవ్వు మొదలైంది. "ఒసేయ్, నీ మొహం మండా! నువ్వు స్కూలుకేసుకెళ్ళిన గౌన్లన్నీ నా ఉమ్ముతో కుట్టినవేనే! నీ పెళ్ళి బట్టలు కూడా! ఒంటినిండా నా ఎంగిలి చుట్టుకుని పెరిగావు, ఇప్పుడు నోట్లో పెట్టడానికి వచ్చిందా రోగం?"

"అవి ఉతికి వేసుకున్నాను!"

"దీన్ని కాల్చాను!"

అక్క నవ్వు తగ్గింది. "తొమ్మిదేళ్ళు ఈగ కోసమా?" అంది మెల్లిగా. "నా చేయంటేనే అసహ్యం అనుకున్నానే."

"నీ చేయే కాదక్కా. అందరి చేతులూ. నావి కూడా."

ఆ మాట అనేసి, రుమాల్లోంచి ముక్క తీసి, ముక్కు మూసుకుని నోట్లో వేసుకుంది. పళ్ళు నమలమన్నాయి, నాలిక వద్దంది. మింగలేక కక్కలేక కళ్ళు రెండూ తేలేసింది. అక్క గ్లాసు అందించబోయి, వద్దులే అనుకుని వెనక్కి పెట్టింది. చివరికి దిగింది. దిగుతూ దిగుతూ ఒక ఘోరం చేసింది: రుచిగా ఉంది. మెత్తగా, తియ్యగా, కమ్మటి వాసనేసుకుంటూ ఎంతో రుచిగా ఉంది. ఆవిడకి ఒళ్ళంతా జలదరించింది.

"ఎలా ఉందే?"

"అసహ్యంగా ఉంది," అంది వేణ్ణీళ్ళమ్మ. "పొద్దున్నించీ చూసిన వాటన్నిటికన్నా అసహ్యంగా ఉంది. ఇంకో ముక్క ఇలా ఇవ్వు."

లాడ్జికి తిరిగి వెళ్ళేటప్పుడు బస్సులో ఇద్దరూ ఒకే సీట్లో కూర్చున్నారు. మిగిలిన బ్రెడ్డు కాగితంలో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నారు. "అయితే ఇంకేమేం చూశావో చెప్పు, అన్నీ చెప్పు," అంది అక్క. చెల్లెలు చెప్పింది. చిన్నప్పుడు పళ్ళతో దారం తెంపి నోట్లో నాన్చడం, బావ తన చెవిలో గుండుసూది పెట్టి తిప్పుకుని దాన్నే మళ్ళీ బట్టకి గుచ్చడం, కాలితో మిషన్ తొక్కుతూనే ఆ కాలు గోక్కుని అదే చేత్తో కొలత తీసుకోవడం. అక్క ఊరుకుందా? "నువ్వు రోజంతా చీమూ నెత్తురూ అంటిన కత్తెరలు పట్టుకుని వచ్చి మా పిల్లాడి బుగ్గ గిల్లేదానివి, నేనేమైనా అన్నానా?" అని మొదలుపెట్టింది. ముందు సీటాయన రెండుసార్లు వెనక్కి తిరిగి చూసి, తన చేతిలో ఉన్న అరటిపండు తినకుండా జేబులో పెట్టేసుకున్నాడు. తొమ్మిదేళ్ళ మాటలు పేరుకుపోయి ఉన్నాయి కదా, ఇద్దరిలో ఒక్కరు కూడా కిటికీలోంచి చూడలేదు. దిగాల్సిన స్టాపు దాటి మూడు స్టాపులైంది.