పాచిపళ్ళ పరిశోధన

మా అమ్మాయి ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు వాళ్ళ సోషల్ టీచరు ఒక ప్రదర్శన పెట్టాడు. పిల్లలందరూ పదిహేడో శతాబ్దం చివరినాటి యూరప్ మనుషుల వేషాలు వేసుకుని స్కూలు జిమ్‌లో బొమ్మల్లా కదలకుండా నిలబడాలి. చూడవచ్చినవాళ్ళు ముందున్న కాగితపు బటన్ నొక్కితే ప్రాణం వచ్చినట్టు కదిలి, తమ కథ తామే చెప్పుకోవాలి. ఎవరు ఎవరి వేషం వెయ్యాలో చీటీలు తీసి తేల్చారు.

చీటీలు తీసిన రోజు పిల్ల ఇంటికి వచ్చి, బ్యాగు సోఫాలో పడేసి, మొహం ముడుచుకుని కూర్చుంది.

"ఎవరొచ్చారు?" అని అడిగాను.

"కర్టెన్స్ అమ్మే గై."

మావారు ల్యాప్‌టాప్ మీంచి తలెత్తారు. చెట్టు మీంచి ఆపిల్ పండు రాలడం చూసిన ఇంగ్లీషు శాస్త్రవేత్త తన కూతురికే వస్తాడని ఆయన వారం నుంచీ ఆశపడుతున్నారు.

"ఆపిల్ ఆయన ఏమయ్యాడు?"

"గాన్. ఫ్రాన్స్ కింగ్ కూడా గాన్. నాకు ఎవరో డచ్ వాడు వచ్చాడు. హీ సోల్డ్ క్లాత్, డాడ్. దట్స్ ఇట్."

క్లాత్ అన్న మాట చెవిన పడగానే మా అత్తగారు వంటింట్లోంచి బయటికి వచ్చారు. ఆవిడ గోదావరి జిల్లాలో తమ ఇంటి ముందుగదిలోనే ముప్పై ఏళ్ళు చీరల వ్యాపారం చేసిన మనిషి. ఆర్నెల్లు ఉండి వెళదామని అమెరికాలో పిస్కాటవేకి, మా ఇంటికి వచ్చారు. "క్లాత్" అంటే ఏమిటో ఎవరూ ఆవిడకి చెప్పక్కర్లేదు.

"ఏం బట్ట అమ్మేవాడే? నూలా, పట్టా?"

"ఐ డోంట్ నో, నానమ్మా."

"తెలుసుకోవాలి కదా మరి" అని లోపలికి వెళ్ళిపోయారు.

తెలుసుకుంటే తేలిన సంగతి ఇది. ఆ డచ్చాయన బట్టలో నాణ్యం చూడటానికి భూతద్దం పెట్టి పోగులు లెక్కపెట్టేవాడట. అద్దాల మీద మోజు పుట్టి, తనే చిన్న చిన్న అద్దాలు అరగదీసుకుని, కనబడ్డ ప్రతిదాన్నీ వాటి కింద పెట్టి చూడటం మొదలుపెట్టాడు. చెరువు నీళ్ళు చూశాడు. ఈగ కన్ను చూశాడు. చివరికి తన పళ్ళ మీద పాచి గీకి చూస్తే, అందులో చిన్న చిన్న ప్రాణులు చేపల్లా ఈదుతూ కనిపించాయి. అంతకు ముందు వాటిని చూసినవాళ్ళు ఎవరూ లేరు.

పాచి దగ్గరికి వచ్చేసరికి మా అమ్మాయి మొహం విచ్చుకుంది. చదువుతున్నది ఆపి, నన్నూ వాళ్ళ నాన్ననీ మార్చి మార్చి చూసింది. సైన్స్ టీచర్ని బతిమాలి ఒక మైక్రోస్కోప్ అరువు తెచ్చుకుంటానంది. ఆయన చేసినవన్నీ తనూ చేసి, వీడియో తీసి, జిమ్‌లో చూపిస్తానంది.

"ఆయన తన టీత్ చూసుకున్నాడు. లేడీస్‌వి చూశాడు. తర్వాత లైఫ్‌లో ఎప్పుడూ బ్రష్ చెయ్యని ఓల్డ్ మ్యాన్‌వి చూశాడు. సో నాకు ఒక ఓల్డ్ మ్యాన్ కావాలి." అంటూ వాళ్ళ నాన్న వైపు తిరిగింది. "డాడ్, యూ ఆర్ పర్‌ఫెక్ట్."

"నేను రోజూ బ్రష్ చేస్తాను."

"మానెయ్. జస్ట్ సండే దాకా."

మావారు బాధపడినట్టు మొహం పెట్టారు గానీ, ఆయన లోలోపల సంతోషపడుతున్నారని నాకు తెలిసిపోయింది. మా అత్తగారు వచ్చిన దగ్గర్నుంచీ మా ఇంట్లో పళ్ళు తోముకోనిదే ఎవరికీ కాఫీ లేదు. ఆవిడ ఊరి నుంచి గాజుసీసాలో పళ్ళపొడి తెచ్చుకుని, అందులో ఉప్పు కలుపుకుని పొద్దునా రాత్రీ తోముకుంటారు. పక్క మీదే కాఫీ తాగడం అలవాటైన మావారు, యాభైకి దగ్గర పడుతున్న మనిషి, పొద్దున్నే వాళ్ళమ్మకి పళ్ళు చూపించి కప్పు తీసుకుంటున్నారు. ఇప్పుడు కూతురి చదువు పేరు చెప్పి ఆ బాధ తప్పించుకోవచ్చు.

బుధవారం పొద్దున్న ఆయన ధీమాగా వంటింటి గుమ్మంలో నిలబడ్డారు.

"అమ్మా, కాఫీ."

"తోముకున్నావా?"

"లేదు. ప్రాజెక్టు."

మా అత్తగారు నా వైపు చూశారు. నేను స్టవ్ వైపు చూశాను.

"పిల్లకి మార్కులు రావాలంటే నువ్వు పాచిమొహంతో తిరగాలా? ఇదేం చదువురా?" అన్నారు. మనవరాలి మార్కుల మాట కాబట్టి కాఫీ అయితే ఇచ్చారు. కానీ ఆ కప్పు గుమ్మం బయట బల్ల మీద పెట్టారు. అది మొదలు మావారికి వంటింట్లోకి ప్రవేశం లేదు, దేవుడి అల్మరా వైపు తిరిగి మాట్లాడటానికి వీల్లేదు. భోజనం హాల్లో, కిటికీ తెరిచి ఉన్న చోట.

గురువారం ఇంట్లోంచే పని కాబట్టి గడిచిపోయింది. శుక్రవారం మాత్రం క్లయింట్లు వస్తున్నారని ఆఫీసుకి రమ్మన్నారు. తోముకుని వెళ్ళండి, పిల్లకి నేను సర్దిచెప్తానన్నాను. ఇంత కష్టపడి ఇప్పుడు పాడు చేసుకుంటానా అని ఆయన మాస్క్ పెట్టుకుని, జలుబన్న వంకతో బయల్దేరారు. సాయంత్రం మహా ఉత్సాహంగా తిరిగొచ్చారు. మాస్క్ చూసి అందరూ రెండు కుర్చీల దూరంలో కూర్చున్నారట. ఎప్పుడూ పొద్దుగూకేదాకా సాగే మీటింగ్ లంచ్‌కే అయిపోయిందట.

"నెలకోసారి ఇలా చేస్తే బావుణ్ణు" అన్నారు. నేను ఆ రాత్రి గెస్ట్ రూమ్‌లో పడుకున్నాను.

ఆదివారం పొద్దున్న డైనింగ్ టేబుల్ మీద పాత దుప్పటి పరిచి మైక్రోస్కోప్ పెట్టింది మా అమ్మాయి. ముందు వాళ్ళ నాన్న పళ్ళు పుల్లతో గీకి, నీటి చుక్కలో కలిపి, గాజుపలక మీద పెట్టింది. ఫోన్ కెమెరా అద్దానికి ఆనించగానే తెర మీద సన్నటి చుక్కలూ గీతలూ కనిపించాయి. కాసేపు చూస్తే అవి కదులుతున్నాయి. కొన్ని మెల్లగా తిరుగుతున్నాయి, కొన్ని బాణాల్లా దూసుకుపోతున్నాయి. ఇన్నాళ్ళూ దీన్నంతటినీ పక్కన పెట్టుకుని నేను నిద్రపోయానన్నమాట.

"వావ్, డాడ్" అంది పిల్ల గౌరవంగా.

తర్వాత కాఫీ పరీక్ష. ఆ డచ్చాయన వేడి కాఫీ తాగాక చూస్తే ముందుపళ్ళ మీది ప్రాణులు కదలకుండా పడి ఉన్నాయట. మావారు పొగలు కక్కే కాఫీ ఆపకుండా తాగేసి మళ్ళీ నోరు తెరిచారు. ఈసారి తెర మీద ముందున్నంత హడావుడి లేదు. చాలావరకు చుక్కలు ఉన్నచోటే ఉండిపోయాయి.

మావారు గెలిచినట్టు వాళ్ళమ్మ వైపు తిరిగారు. "చూశావా? కాఫీయే చంపేస్తుంది. మళ్ళీ తోముకోవడం దేనికి?"

"చచ్చినవి ఎక్కడికి పోయాయి?" అని అడిగారు మా అత్తగారు.

"ఎక్కడికంటే..."

"కాఫీతో పాటు మింగావు. అంతేనా?"

మావారు ఖాళీ కప్పులోకి ఒకసారి చూసి లేచి బాత్రూమ్‌లోకి వెళ్ళారు. చాలాసేపు కుళాయి చప్పుడు వినిపించింది. బెడ్ కాఫీ మీద చర్చ మా ఇంట్లో అంతటితో ముగిసింది.

ఇక ఆడవాళ్ళ వంతు. నావి చూస్తే అక్కడక్కడా కొన్ని కనిపించాయి. ఆఖర్న మా అత్తగారు కుర్చీలో సర్దుకుని కూర్చుని, "చూడండి, శుభ్రంగా ఉంటే ఎలా ఉంటుందో" అని నోరు తెరిచారు.

పిల్ల తెర మీదకి వంగింది. మేమూ వంగాం. వెనక పళ్ళ సందులోంచి తీసిన ఆ చుక్కలో తిరునాళ్ళ జరుగుతోంది.

"ఇవి వాడివే. పుల్ల మార్చి ఉండరు" అన్నారు మా అత్తగారు.

"నో, నానమ్మా. కొత్త స్టిక్."

ఆవిడ లేచి వెళ్ళి మళ్ళీ తోముకుని వచ్చారు. ఉప్పు కాస్త ఎక్కువే వేసుకున్నారేమో, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మళ్ళీ పరీక్ష చేశారు. తగ్గాయి గానీ, ఉన్నాయి. ఆవిడ మొహం చూసి నాకు నిజంగా జాలేసింది. ఆవిడ మీద జాలిపడే రోజొకటి వస్తుందని పెళ్ళయిన కొత్తల్లో అనుకోలేదు.

"ఆయనకీ అంతే నానమ్మా. హీ యూజ్డ్ సాల్ట్. రోజూ ఉప్పుతో రుద్ది, బట్టతో తుడిచేవాడు. స్టిల్ ఉన్నాయి."

మా అత్తగారు మెల్లగా తలెత్తారు. "ఉప్పుతోనే తోముకునేవాడా?"

"యా."

"మంచి అలవాట్లే ఉన్నాయి పాపం" అని కుర్చీ ముందుకు జరుపుకున్నారు. "తర్వాతేమైంది?"

ఆవిడ వినడానికి సిద్ధపడ్డారని తెలిసి పిల్ల ఉషారుగా చెప్పింది. నేను మధ్యమధ్య తెలుగులోకి మార్చాను. ఆయన చూసినవన్నీ లండన్‌లో పండితుల సంఘానికి ఉత్తరాల్లో రాశాడు. ఆయనకి లాటిన్ రాదు, డచ్చి తప్ప ఇంకో భాష రాదు. నీటిచుక్కలో అన్ని ప్రాణులున్నాయంటే వాళ్ళకి నమ్మబుద్ధి కాలేదు. అప్పుడాయన చర్చి పాస్టర్లనీ, ఊళ్ళో పెద్దమనుషులనీ పిలిచి చూపించి, చూశామని వాళ్ళ చేత రాయించి సంతకాలు పెట్టించి పంపాడు.

"బట్టలమ్ముకునేవాడి మాట నమ్మలేదన్నమాట" అన్నారు మా అత్తగారు. "ఏదీ, నేనూ పెడతాను సంతకం. నా పళ్ళే కదా."

నేను ప్రాజెక్టు కాగితం అందిస్తే దాని కింద తెలుగులో, ఇంటిపేరుతో సహా సంతకం చేశారు. ఆ వారమంతా ఇక వేషం పని ఆవిడదే. పక్క ఊరు ఎడిసన్‌లో కొన్న రెండు సవరాలు విప్పి, పెన్సిళ్ళకి చుట్టి ఉంగరాలు తిప్పి విగ్గు కట్టారు. తన పాత వెంకటగిరి చీర అంచు కత్తిరించి, మెడ దగ్గర కుచ్చులు పెట్టారు. వర్తకుడన్నాక మంచి బట్ట కట్టుకోకపోతే బేరం ఎవరు చేస్తారని ఆవిడ వాదన.

ప్రదర్శన నాడు జిమ్ నిండా విగ్గులే. మా పిల్లకి ఒక పక్కన ఫ్రాన్స్ రాజు ఎర్ర మడమల బూట్లేసుకుని, కాళ్ళు నొప్పి పుట్టి గోడకి ఆనుకుని ఉన్నాడు. ఇంకో పక్క ఇంగ్లండు రాజు, కిరీటం చంకలో పెట్టుకుని. అందరికంటే మా పిల్ల ముందే ఎక్కువమంది జనం. వీడియో చూసి కొందరు మొహాలు చిట్లించారు, కొందరు మళ్ళీ వేయమన్నారు. ఒకాయన, "ఆర్ దీజ్ యువర్స్?" అని అడిగాడు.

"నో సర్, దీజ్ ఆర్ మై డాడ్స్."

ఆ పెద్దమనిషి పక్కనే నిలబడ్డ మావారిని చూసి, ఎంతో మర్యాదగా ఒక అడుగు వెనక్కి వేశాడు. మావారు నోరు మూసుకునే నవ్వి, ఏదో పని ఉన్నట్టు మంచినీళ్ళ వైపు వెళ్ళిపోయారు.

మా అత్తగారు లైన్లో నిలబడి, తన వంతు వచ్చాక బటన్ నొక్కారు. పిల్ల ఇంగ్లీషు వదిలేసి తెలుగులో మొదలుపెట్టింది. మాతో ముందుగా ఆ మాటే చెప్పలేదు.

"నేను డచ్ వాణ్ణి. నేను బట్టలు అమ్మేను. నాకు లాటిన్ రాడు. నా నోరులో ఉన్న ప్రాణులు, మా దేశంలో మనుషులు కంటే ఎక్కువ ఉన్నారు."

మా అత్తగారు చేతులు కట్టుకుని అంతా విన్నారు. అయిపోయాక, ఎదురుగా ఉన్నది మనవరాలన్న సంగతే మరిచిపోయినట్టు అడిగారు.

"మీరిలా పళ్ళు గీక్కుంటూ కూర్చుంటే అక్కడ కొట్టు ఎవరు చూస్తున్నారు బాబూ?"

పిల్ల బిక్కమొహం వేసింది. స్క్రిప్టులో అది లేదు. "మా... వైఫ్ చూస్తాడు" అంది చివరికి.

"అదీ సంగతి. ఆవిడ ఊసే ఎత్తలేదేం మరి?"

పక్కన నిలబడ్డ టీచరు ఆవిడ ఏమన్నారని నన్ను అడిగాడు. చెప్పాను. ఆయన తనకీ ఆ కొట్టు సంగతి తెలియదని ఒప్పుకున్నాడు. మీ అత్తగారు మిగతావాళ్ళని కూడా కొంచెం ప్రశ్నలు అడిగితే బావుంటుంది, పిల్లలు ఊరికే అప్పజెప్పేస్తున్నారన్నాడు.

అంతే. మా అత్తగారు కొంగు సర్దుకుని బయల్దేరారు. వెనక దుబాసీగా నేను. ఆపిల్ ఆయన్ని, తలకి దెబ్బ గట్టిగా తగల్లేదు కదా అని అడిగారు. ఫ్రాన్స్ రాజు తన మహలులో ఎన్నెన్ని గదులున్నాయో చెప్పుకొస్తుంటే, అన్నీ ఊడ్చేదెవరన్నారు. ఇంగ్లండు రాజు దగ్గరికి వచ్చేసరికి ఇంక కదల్లేదు. ఆ పొడుగాటి కుర్రాడు తన కూతురూ అల్లుడూ హాలండ్ నుంచి వచ్చి తన రాజ్యం తీసేసుకున్నారని చెప్పాడు. నేను తెలుగులో చెప్పగానే ఆవిడ ఒక మడతకుర్చీ లాక్కుని వాడి ఎదురుగా కూర్చున్నారు.

"సొంత అల్లుడేనా?"

"యెస్ మా'మ్."

"కూతురు ఊరుకుందా?"

"షీ బికేమ్ ద క్వీన్."

ఆవిడ చాలాసేపు తల అడ్డంగా ఊపారు. జిమ్‌లో సగం లైట్లు ఆర్పేశారు. పిల్లలు విగ్గులు తీసి సంచుల్లో పెట్టుకుంటున్నారు. మావారు కారు తాళం చూపించి రమ్మని సైగ చేస్తున్నారు.

"ఇప్పుడు ఎక్కడుంటున్నావు నాయనా?"

వాడు పక్కనున్న ఫ్రాన్స్ రాజుని చూపించాడు. ఆయన దగ్గరే తలదాచుకున్నాడట.

మా అత్తగారు ఫ్రాన్స్ రాజు వైపు తిరిగారు. అప్పటికే వాడు ఎర్ర బూట్లు చేత్తో పట్టుకుని, మేజోళ్ళతో నిలబడి ఉన్నాడు.

"అన్నం సరిగ్గా పెడుతున్నావా ఈ అబ్బాయికి?"

నేను ఇంగ్లీషులో అడిగాను. రాజు బూట్లు కింద పెట్టి, నిటారుగా నిలబడి, రోజూ పెడుతున్నానని చెప్పాడు.